పూతరేకుల నెట్ దుకాణానికి ఎలాంటి ముస్తాబు కావాలి?

రంగులు చూసి మోసపోవద్దు – కొనేవారి సెల్‌ఫోనే అసలు పరీక్ష

అమలాపురం: ఆత్రేయపురం పూతరేకులు ఇప్పుడు రోడ్డు పక్క కొట్లలోనే గాక సెల్‌ఫోనుల్లో కూడా అమ్ముడుపోతున్నాయి. హైదరాబాదులో కాపురముంటున్న కొత్తపేట కుటుంబమైనా, గల్ఫులో పనిచేస్తున్న రాజోలు యువకుడైనా ఫోనులో నాలుగు మీటలు నొక్కి అయినవాళ్ల ఇంటికి పూతరేకుల పెట్టె పంపించే రోజులు వచ్చాయి. దీనితో, పెద్ద కంపెనీల నెట్ అంగళ్లలో కమీషను చెల్లించి అమ్ముకునే బదులు సొంతంగా ఒక నెట్ దుకాణం తెరుచుకుంటే బాగుంటుందన్న ఆలోచన తయారీదారుల్లో కలగడం సహజం. ఆ దారిన దిగినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు సరుకు గురించి కాదు, ముస్తాబు గురించి. దుకాణానికి ఏ ‘థీమ్’ ఎంచుకోవాలన్నదే ఆ చిక్కు.

థీమ్ అంటే రెడీమేడ్ చొక్కా వంటిది. నెట్ దుకాణం ఎలా కనుపించాలి, బొమ్మలు ఎక్కడ రావాలి, ధర ఎక్కడ వుండాలి, కొనే మీట ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ ముందుగానే కుట్టి వుంచిన నమూనా అది. 2006లో కెనడాలో మొదలయిన షాపిఫై, 2011లో వచ్చిన వూకామర్స్ వంటివి దుకాణం నడిపే యంత్రాంగాన్ని సమకూరుస్తాయి. వాటిపై తొడుక్కోవడానికి థీములు వేరుగా దొరుకుతాయి. కొన్ని ఉచితం. మరికొన్నింటికి వేల రూపాయలు పోయాలి. రెడీమేడ్ చొక్కా కొట్టులో బొమ్మకు తొడిగినప్పుడు ఎంత బాగున్నా, మన భుజాలకు సరిపోతేనే పనికి వస్తుంది. థీమ్ సంగతి కూడా అంతే.

సరుకును బట్టి ముస్తాబు

కోనసీమలో అమ్మకానికి వున్న మూడు సరుకులను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. బండారులంక నేత చీర కొనే ఆడపడుచుకు అంచు, కొంగు, నేత దగ్గరగా కనుపించాలి. కనుక బొమ్మను పెద్దది చేసి చూసే వీలు, ఒకే చీరకు అయిదారు బొమ్మలు పెట్టే చోటు ఆ థీములో ముఖ్యం. అంబాజీపేట కొబ్బరి కొనేవాడికి బొమ్మతో పనిలేదు. వందకు ఎంత, బస్తా కిరాయి ఎంత అన్న లెక్క ఒక్క చూపులో తెలిస్తే చాలు.

పూతరేకుల సంగతి మూడో రకం. దుకాణంలో వుండేవి పట్టుమని పది రకాలు. పంచదారవి, బెల్లంవి, జీడిపప్పు, బాదంపప్పు వేసినవి. కొనేవాడు అడిగేది కూడా తక్కువే. పెట్టెలో ఎన్ని వుంటాయి? నెయ్యి ఎలాంటిది? ఎన్నాళ్లు నిలవ వుంటాయి? విరక్కుండా వస్తాయా? ఏ రోజుకు చేరతాయి? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు ఒకే పేజీలో దొరికే థీమ్ పూతరేకులకు మంచి థీమ్. వెయ్యి రకాల బట్టలమ్మే కంపెనీ కోసం తయారైన థీమ్ తెచ్చి పది రకాల మిఠాయికి తొడిగితే, సంత మైదానంలో ఒక్క తట్ట పెట్టుకుని కూర్చున్నట్లు వుంటుంది. సగం పేజీ ఖాళీగా, మిగతా సగం అక్కరలేని జాబితాలతో నిండి కొనేవాడిని తికమక పెడుతుంది.

నమూనా బొమ్మలు తీసివేస్తే?

థీమ్ అమ్మేవారు చూపించే నమూనా దుకాణంలో బొమ్మలు పేరు మోసిన ఫోటోగ్రాఫర్లు తీసినవి. రాసిన మాటలు ఇంగ్లీషులో రెండేసి మూడేసి ముక్కలు. చూసేవారి కళ్లు చెదిరేది ఆ బొమ్మల వల్లనే గాని థీమ్ వల్ల కాదు. పైన పటారం లోన లొటారం అన్న సామెత యిక్కడ గుర్తుంచుకోవలసి వుంది. కాబట్టి డబ్బు కట్టడానికి ముందే సొంత సరుకు బొమ్మలు, సొంత మాటలు అందులో పెట్టి చూడాలి. షాపిఫై వంటి వాటిలో ఖరీదయిన థీమును కూడా కొనకముందు తమ దుకాణానికి తొడిగి చూసుకునే వీలుంది.

తెలుగులో దుకాణం పెట్టేవారు తప్పకుండా చేయవలసిన పరీక్ష మరొకటి వుంది. ఎక్కువ థీములు ఇంగ్లీషు అక్షరాల కొలతతో తయారైనవి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు వుంటాయి. వరుసకూ వరుసకూ మధ్య చోటు చాలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని కొడుతుంది, లేదా సగానికి తెగిపోతుంది. ‘స్వచ్ఛమైన నేతి జీడిపప్పు బెల్లం పూతరేకులు’ అన్న పేరును థీములో రాసి చూస్తే నిజం బయటపడుతుంది. పేరు రెండు వరుసలుగా విరిగినా చదవడానికి వీలుగా వుంటే సరే. మూడు చుక్కలు పెట్టి మింగేస్తే, ఏది బెల్లందో ఏది పంచదారదో కొనేవాడికి తెలియదు.

మూడు సెకన్ల లోపు తెరుచుకోవాలి

థీమును కంప్యూటరు తెరపై చూసి ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొనేవారిలో ఎక్కువమంది వచ్చేది ఫోను మీద. అదీ కొత్త ఫోను, మంచి సిగ్నలు వున్నవారే రారు. రైల్లోనో, లంక గ్రామంలోనో, నాలుగేళ్లనాటి ఫోనుతో వచ్చేవారు కూడా వుంటారు. పేజీలో ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్ల లోపు కనుపించాలని, మీట నొక్కిన తర్వాత సెకనులో అయిదో వంతు లోపు కదలిక రావాలని గూగుల్ సంస్థ ఒక కొలత పెట్టింది. పేజీస్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ పేజీలో దుకాణం చిరునామా రాస్తే యీ కొలతలు పైసా ఖర్చు లేకుండా తెలుస్తాయి. నమూనా దుకాణాన్ని కూడా కొనకముందే యిలా కొలిచి చూడవచ్చు.

కదిలే బొమ్మలు, దానంతటదే ఆడే వీడియో, తెర మీద రాలే పూలు యివన్నీ బరువు పెంచేవే. ఫోనుతో తీసిన ఒక్కొక్క ఫోటో మూడు నాలుగు ఎం.బి. వుంటుంది. దానిని కుదించి 200 కె.బి.కి తెచ్చినా ఫోను తెర మీద తేడా కనుపించదు. తేలికయిన థీమ్ ఎంచుకుని బరువయిన ఫోటోలు పెడితే ప్రయోజనం వుండదు. రెండూ తేలికగా వుండాలి.

బొటనవేలు సంగతి కూడా చూడాలి. ఒంటిచేత్తో ఫోను పట్టుకున్నవారికి ‘కొనండి’ అన్న మీట అందాలి. పేజీ పైకి జరిపినా కిందికి జరిపినా ఆ మీట కనుపిస్తూ వుండే థీములు మేలు. చదువుతూ వుండగా పేజీ ఎగిరిపడి, ఒక మీట నొక్కబోతే మరొకటి నొక్కుడయ్యే థీమును వెంటనే పక్కన పెట్టవలసిందే.

చివరి మెట్టు మీద వెనుదిరిగేవారు

నెట్ దుకాణాల్లో సరుకు బుట్టలో వేసుకున్నవారిలో దాదాపు 70 శాతం మంది కొనకుండానే వెళ్లిపోతున్నారని ప్రపంచవ్యాప్త సర్వేల సగటు చెబుతోంది. చూసి పోదామని వచ్చినవారు పోగా, వెళ్లిపోవడానికి కొనుగోలుదారులు ఎక్కువగా చెప్పే కారణం చివరి పేజీలో హఠాత్తుగా కలిసే అదనపు ఖర్చులు. పూతరేకులకు యిది మరీ ముఖ్యం. ఇవి తేలికయినా సుకుమారమైనవి. గట్టి అట్టపెట్టె, మెత్తని అడ్డులు లేకపోతే చేరేసరికి పొడి అవుతాయి. అందుచేత పార్సిలు ఖర్చు సరుకు ధరతో పోలిస్తే చిన్నదేమీ కాదు. ఆ ఖర్చు ముందే, ధర పక్కనే చూపించే వీలు థీములో వుందా? పిన్‌కోడు వేయగానే ఎంత ఖర్చు, ఏ రోజుకు చేరుతుంది అని చెప్పగలదా? ఈ రెండూ వుంటే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది.

డబ్బు కట్టే మెట్టు కూడా పరీక్షించాలి. 2016లో యు.పి.ఐ. వచ్చిన తర్వాత కిళ్లీ కొట్టులో కూడా ఫోనుతోనే చెల్లింపు. విదేశాల కోసం తయారైన దుకాణాల్లో కార్డు నెంబరు అడిగే పెట్టె ముందు వచ్చి, యు.పి.ఐ. ఎక్కడో అడుగున పడి వుండవచ్చు. ఖాతా తెరిస్తే గాని అమ్మనని మొండికేసే దుకాణం కూడా గిరాకీని పోగొట్టుకుంటుంది.

చట్టం అడిగే చోటు

దుకాణం అందంగా వున్నంత మాత్రాన చాలదు, చట్టం చెప్పమన్నది చెప్పాలి. తూనికలు కొలతల శాఖ ప్యాకెట్ సరుకుల నిబంధనల ప్రకారం 2018 జనవరి 1 నుంచి నెట్‌లో అమ్మే ప్యాకెట్ సరుకు పేరు, తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర తెర మీద కూడా చూపవలసి వుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాల ప్రకారం దుకాణదారు చిరునామా, ఫోను, ఫిర్యాదులు చూసే అధికారి పేరు కనుపించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో జవాబు యివ్వాలి. తినే సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల నెంబరుకు కూడా చోటుండాలి. ఇవన్నీ రాయడానికి పేజీలో తగిన జాగా లేని థీమ్ ఎంత సొగసయినదయినా దండగే.

ఇంకో ముఖ్య విషయం. కొన్ని థీముల్లో ‘ఇంకా రెండే మిగిలాయి’, ‘పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది’ అంటూ వెనక్కి తిరిగే గడియారాలు ముందే అమర్చి వుంటాయి. దాన్ని నడిపేది సరుకు నిలవ కాదు, థీమ్ రాసినవారి లెక్క. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు యిలాంటి 13 రకాల మాయలను నిషేధించాయి. లేని తొందర పెట్టడం, అడగని సరుకును బుట్టలో వేయడం, ధరను విడతలుగా బయటపెట్టడం అందులోనివే. థీముతో వచ్చిందని వాటిని అలాగే వదిలేస్తే జవాబుదారీ దుకాణదారుదే. కనుక అవి ఆపివేసే వీలు వున్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి.

పేరు నిలపడానికి

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. సర్ ఆర్థర్ కాటన్ పేరిట ఏర్పడిన ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం చేసిన కృషి ఫలితమిది. బోర్లించిన కుండ అడుగున మంట పెట్టి, పలుచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగి, కాగితం కన్నా పలుచని రేకును తీసే ఆడవారి చేతి పనికి దొరికిన గౌరవమది. ఎక్కడో తయారుచేసి యీ పేరుతో అమ్మేవారికీ, ఆత్రేయపురంలో పొగ మింగుతూ రేకు తీసేవారికీ తేడా నెట్‌లో కొనేవాడికి తెలిసేదెలా? ఊరి పేరు, తయారీ విధానం, గుర్తింపు వాడుకునే హక్కు కోసం నమోదయి వుంటే ఆ వివరం పేజీ పైభాగంలోనే కనుపించాలి. రేకు తీసే మనిషి ఒప్పుకుంటే ఆమె చేతుల ఫోటో ఒకటి పెడితే, నెట్‌లో దొరికే పది అరువు బొమ్మల కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ఇందుకు చోటివ్వని థీమ్ ఆత్రేయపురం దుకాణాన్ని కూడా అందరి దుకాణాల్లాగే చూపిస్తుంది. అప్పుడు గెలిచేది తక్కువ ధర పెట్టినవాడే. నష్టపోయేది కుండ దగ్గర కూర్చున్న ఆడకూతురు.

దొంగ థీములతో ప్రమాదం

ఖరీదయిన థీమును ఉచితంగా యిస్తామనే చోట్లు నెట్‌లో వున్నాయి. అలాంటి దొంగ కాపీల్లో కొనేవారి వివరాలు కాజేసే రాతలు దాచి వుంచడం మామూలే. అదీగాక వాటికి మరమ్మతులు రావు. థీమ్ తయారీదారు చివరిసారి ఎప్పుడు మార్పులు చేశారు, ప్రశ్న రాస్తే జవాబిస్తున్నారా అన్నవి చూసి తీసుకోవాలి. ఉచితంగా దొరికే అసలు థీములు చాలానే వున్నాయి. షాపిఫై 2021లో విడుదల చేసిన డాన్ అలాంటిదే. పది రకాలు అమ్మే దుకాణానికి మొదట అలాంటిది చాలు. గిరాకీ పెరిగాక మార్చుకోవచ్చు. అయితే సంక్రాంతి, పెళ్లిళ్ల ముందు మాత్రం థీమ్ జోలికి పోరాదు. పండుగకు రెండు నెలల ముందే మార్పులు ముగించి, తామే ఒక పెట్టెకు ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, సరుకు చేరేదాకా చూసుకోవడం మంచిది.

అన్నిటికన్నా తేలికయిన పరీక్ష యింట్లోనే వుంది. డెన్మార్క్‌కు చెందిన నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన ప్రకారం, అయిదుగురి చేత వాడించి చూస్తే చాలు, పేజీలోని లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయి. మేనత్తకో, పక్కింటి రైతుకో, డిగ్రీ చదివే మేనల్లుడికో ఫోను యిచ్చి, ‘ఒక బెల్లం పూతరేకుల పెట్టె విశాఖపట్నం పంపించండి’ అని చెప్పి పక్కన కూర్చోవాలి. నోరు మెదపకూడదు. వారి వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో కాగితం మీద రాసుకోవాలి. అయిదుగురిలో ముగ్గురి వేలు ఒకేచోట ఆగితే తప్పు వారిది కాదు, థీముది.