కొత్తవారి ఫోటో తీయడమెట్లా?

పిల్లలూ! అమ్మదో నాన్నదో సెల్‌ఫోను పట్టుకుని ఇంట్లోవాళ్ళ ఫోటోలు మీరు తీసే ఉంటారు. అది తేలిక. కాని వీధిలో కొత్తమనిషి ఫోటో తీయాలంటే "ఏమంటారో!" అని భయం వేస్తుంది. ఆ భయం పోయే ఉపాయం చెప్పే ముందు ఒక వింత సంగతి వినండి.

1838లో ఫ్రాన్సు దేశంలో డగేర్ అనే ఆయన ఎత్తయిన కిటికీలోంచి ప్యారిస్ నగర వీధినొకదాన్ని ఫోటో తీశాడు. అది బండ్లూ మనుషులూ తిరిగే వీధి. కాని ఫోటోలో దాదాపు ఖాళీగా కనబడింది! కారణమేమిటి? ఆ కాలంలో పలక మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. కదిలేవాళ్ళ బొమ్మ నిలిచేది కాదు. ఒకాయన మాత్రం బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు. అందుకని ఆయన రూపు దక్కింది. ఫోటోకెక్కిన మొట్టమొదటి మనుషులలో ఆయన ఒకడంటారు. కాని ఆయన పేరేమిటో నేటికీ ఎవరికీ తెలియదు!

తరవాత కెమేరాలకు వేగం వచ్చింది. 1925లో లైకా అనే చిన్న కెమేరా అమ్మకానికి వచ్చింది. కార్టియే బ్రెసోన్ అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు దాని మెరిసే భాగాలు కనబడకుండా నల్లటేపు అంటించి, వీధిలో ఎవరికీ తెలియకుండా ఫోటోలు తీసేవాడు. 1948లో గాంధీజీ అంతిమయాత్రను ఫోటోలు తీసినవారిలో ఆయన కూడా ఒకడు.

మన వరంగల్లు ఫోటోగ్రాఫరు భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్లోని మనుషులనూ, ఇండ్లనూ, బతుకమ్మ పండుగనూ ఎన్నో ఏళ్ళు ఫోటోలు తీశారు. ఆయన 2022లో మరణించారు. ఆ ఫోటోలు మాత్రం మనకు మిగిలాయి.

ఈనాడు సెకండులో అయిదువందల వంతు కాలం చాలు, బొమ్మ పడిపోతుంది. ఎదుటి మనిషి నిలబడనక్కరలేదు, అతనికి తెలియనక్కర కూడా లేదు. అందుకే అడగడమనే బాధ్యత మన మీద పడింది.

మీది వనపర్తి జిల్లా వీపనగండ్ల అనుకోండి. చెట్టు నీడన గొంగడి కప్పుకుని ఒక తాత కూర్చున్నాడు. దూరంనుంచి దొంగచాటుగా తీయకండి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని దగ్గరికి వెళ్ళండి. మీరెవరి పిల్లలో చెప్పండి. "తాతా, నీ ఫోటో తియ్యనా?" అని అడగండి. ఆయన "వద్దు బిడ్డా" అంటే, "సరే తాతా" అని ఫోను జేబులో పెట్టుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఒప్పుకుంటే, మీరూ ఆయన ఎదుట కూర్చోండి. నిలబడి తీస్తే మనిషి పొట్టిగా కనబడతాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళ కింద నల్లని నీడలు పడతాయి. ఉదయమో సాయంత్రమో తీస్తే ముఖం చక్కగా వస్తుంది. మొదటి ఫోటోలో అందరూ బిగుసుకుపోతారు. వానల సంగతో, గొర్ల సంగతో అడగండి. ఆయన మాటల్లో పడగానే రెండోది తీయండి.

ఏడ్చేవారినీ, జబ్బుపడ్డవారినీ తీయకండి. తీసిన ఫోటోను వారి అనుమతి లేకుండా నలుగురికీ పంపకండి.

ఇంకొక్క పని ఉంది. ఫోటోను కాగితం మీద వేయించి ఆ తాతకు ఇవ్వండి. ఆధారు కార్డు మీది బొమ్మ తప్ప తన ఫోటో మరొకటి లేని ముసలివారు మీ ఊళ్ళోనూ ఉండవచ్చు. ఒక ప్రతి మీరు దాచుకుని, దాని వెనక ఆయన పేరు, ఊరు, తేదీ రాయండి. ప్యారిస్ వీధిలో నిలబడ్డ మనిషి పేరు అడిగినవారు లేరు. మీ తాత పేరు మీరు అడగవచ్చు గదా!