ఇనుగుర్తి నుంచి గోలకొండ దాకా

పత్రిక గొప్పదనాన్ని ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో, ఎన్నేళ్లు నడిచిందో చూసి తేల్చడం మనకు అలవాటు. ఆ కొలతతో చూస్తే తెలంగాణ తొలినాటి తెలుగు పత్రికలు లెక్కకే రావు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ‘నీలగిరి’ని, ఓరుగల్లు ప్రాంతపు పల్లె ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ‘తెనుగు’ను వారపత్రికలుగా తెచ్చారు. రెండూ కొన్నేళ్లకే ఆగిపోయాయి. అయినా, చెల్లాచెదురుగా ఉన్న మనుషులకు ఒకరి సంగతి ఒకరికి తెలియజెప్పడమే చిన్న పత్రిక చేసే అసలు పని అనుకుంటే, వీటిని ఓడిపోయిన పత్రికలు అనలేం.

అప్పటి హైదరాబాద్ సంస్థానంలో కచేరీ భాష, పైచదువుల భాష ఉర్దూ. 1921లో హైదరాబాద్ వివేకవర్ధని ఆవరణలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానం నుంచే. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలనే గస్తీ నిషాన్ 53 కూడా తోడైంది. నలుగురు ఒకచోట కూడడమే కష్టమైన చోట, తపాలాలో ఇంటికొచ్చే నాలుగు పేజీలే సభ అయ్యాయి. ఇనుగుర్తిలో ఆ సభ జరపడం ఎంత చాకిరీయో తెలుగు అచ్చు తీరు తెలిసినవారికి అర్థమవుతుంది. అక్షరానికి ఒక దిమ్మ, గుణింతానికి మరొకటి, కింద వత్తుకు ఇంకొకటి. ఒక్కో దాన్నీ కేసులోంచి ఏరి తలకిందులుగా పేర్చాలి, అచ్చయ్యాక మళ్లీ ఏ గడిది ఆ గడిలో వేయాలి. ఊళ్లోనే ముద్రణాలయం పెట్టుకున్న ఆ అన్నదమ్ములు రాతతో పాటు ఈ కూర్పూ, అచ్చూ తామే చూసుకున్నారు. ‘రుద్రమదేవి’ నవల కూడా ఆ ఇంటి నుంచి వచ్చిందే.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాద్‌లో మొదలైన ‘గోలకొండ పత్రిక’ ఇదే పనిని పెద్ద ఎత్తున చేసింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అప్పట్లో పుట్టింది. దానికి సంపాదకీయంలో నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. సురవరం ఆ దారి పట్టలేదు. పల్లెపల్లెనా ఉన్న కవుల వివరాలూ, పద్యాలూ తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. అందులో తేలిన కవులు 354 మంది. పక్క తాలూకాలో తనలాంటివాడు ఒకడున్నాడని చాలామంది కవులకు అప్పుడే తెలిసి ఉంటుంది. ఊరూరా చందాదారులు, ఉత్తరాలు రాసే అలవాటున్న పాఠకులు ఉన్న పత్రికకు తప్ప ఇంత సేకరణ సాధ్యపడేది కాదు.

దీనికి రెండు అభ్యంతరాలు చెప్పవచ్చు. 354 మందీ మంచి కవులేనా అన్నది మొదటిది. కాకపోవచ్చు, ఏ సంకలనంలోనైనా తాలు ఉంటుంది. కానీ వచ్చిన నింద కవిత్వం నాసిరకమని కాదు, కవులే లేరని. లేరన్నవాడికి సమాధానం జాబితాయే. రెండోది బలమైన అభ్యంతరం. నూటికి తొంభైమందికి పైగా చదువురాని రాజ్యంలో, కొత్వాలు రాజబహద్దూరు వెంకటరామారెడ్డి వంటి పెద్దల అండతో నడిచిన పత్రిక జనం పత్రిక ఎలా అవుతుంది? నిజమే, ఊరి చివర కూలివాడి గోడు అందులో అతని నోటనే వినిపించిందని అనలేం. కొనేవారూ, రాసేవారూ ఎక్కువగా చదువుకున్న రైతు, బ్రాహ్మణ, ఉద్యోగ కుటుంబాలవారు. ఈ లోటును అభిమానంతో కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే గ్రంథాలయాలు పెట్టిందీ, ఆంధ్ర మహాసభలను నడిపిందీ ఆ చదువరులే. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించింది సురవరమే. ఆ వేదికే 1940లలో వెట్టికి, భూస్వాముల దౌర్జన్యానికి ఎదురునిలిచినవారి చేతికి వచ్చింది. పెట్టినవారు ఊహించినంతలోనే అది ఆగిపోలేదు.

‘తెనుగు’ పాత సంచికల కోసం పరిశోధకులు వెతుకులాడాలి. కవుల సంచిక సంగతి అలా కాదు. తెలంగాణ సాహిత్య చరిత్ర రాయబోయేవారు ఇప్పటికీ ముందుగా తెరిచే పుస్తకాల్లో అదొకటి.