పాపికొండల నడుమ గోదావరి

రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1974లో ప్రారంభమైన రోడ్డు రైలు వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైబడినది. అంతటి విశాలమైన నది ఎగువన పాపికొండల నడుమ ఇరుకైన దారిలో ఒదిగి ప్రవహిస్తుంది. నల్లని కురుల నడుమ తీర్చిన పాపిట వలె కనిపించడం చేత ఈ కొండలకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. వ్యుత్పత్తి ఏదైనా, పోలిక మాత్రం చక్కనిది! పడవ మలుపు తిరిగేసరికి ఎదుటి కొండ దారి మూసినట్లు తోస్తుంది. చేరువ కాగానే అదే తొలగి దారి ఇస్తుంది. తీరాన వెదురు పొదలు, పేరంటపల్లి శివాలయం కనువిందు చేస్తాయి. కొండరెడ్లకు నెలవైన ఈ అరణ్యాన్ని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

అయితే ఈ అందానికి మూలమైన ఇరుకుదనమే ప్రమాదానికీ మూలం. ఇరుకైన చోట నది లోతుగా ఉంటుంది. వరద వచ్చినప్పుడు పక్కలకు విస్తరించే వీలు లేక నీటి వడి పెరిగి, సుడులు పుడతాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరదనీటిలో విహారపు పడవ మునిగి పలువురు మరణించారు. ఆ పడవను వెలికి తీయడానికి నెల దాటింది. కనుక వరద తగ్గిన శీతకాలంలోనే ఇక్కడికి వెళ్లడం మేలు. అప్పుడైనా సరే, ఈత వచ్చినవారు సైతం పడవ దిగేవరకు లైఫ్ జాకెట్టు విప్పరాదు.