మనసు బరువుకూ ఓ ఫోను నెంబరుంది

గుడ్లవల్లేరు (మా విలేకరి): పొద్దున్నే గుడ్లవల్లేరు రైల్వేస్టేషనులో కాసేపు నిలబడితే ఈ ప్రాంతపు ఉద్యోగుల జీవితం సగం కళ్ళకు కడుతుంది. ఒక చేతిలో క్యారేజీ, మరో చేతిలో సెల్‌ఫోను. బందరు ఆఫీసులకు వెళ్ళే గుమాస్తాలు కొందరు, గుడివాడ కొట్లకూ బడులకూ వెళ్ళేవారు కొందరు. మోకాళ్ళ నొప్పుల గురించి, షుగరు గురించి, పక్కింటాయనకు వేసిన స్టెంటు గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని, ఆఫీసు గుర్తొస్తే గుండె దడగా వుంటోందని మాత్రం ఎవరూ పైకి అనరు. అంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు.

అటువంటి బాధ చెప్పుకోడానికి పైసా ఖర్చులేని దారి ఒకటి 2022 నుంచీ వుంది. 14416 నెంబరుకు ఏ వేళ ఫోను చేసినా తెలుగులోనే మాట్లాడే మనిషి వుంటారు. దీని పేరు టెలి మానస్. 108 అంటే తెలియని ఇల్లు ఈ డెల్టాలో లేదు. 14416 సంగతి తెలిసినవారు మాత్రం తక్కువే.

పని మారింది, బరువూ మారింది

ఒకప్పుడు ఇక్కడ పని అంటే పొలమే. కాలవకు నీరొస్తే నారుమళ్ళు, కోతలయ్యాక మినుములు. కష్టం లేదని కాదు గాని, పనికి ఒక వేళ, విశ్రాంతికి ఒక వేళ వుండేవి. ఇప్పుడు అవే ఊళ్ళలో ఉద్యోగాలు రకరకాలు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో చదువుకున్న కుర్రకారు పనిచేస్తున్నారు. ఏ సర్వే వచ్చినా ముందు వారి ఫోను మోగుతుంది. ఆశా కార్యకర్తలకూ, అంగన్‌వాడీ టీచర్లకూ పని చేయడం ఒక ఎత్తు, చేసిన పనిని ఫోనులోకి ఎక్కించడం మరో ఎత్తు. సిగ్నలు అందకపోతే ఆ పని రాత్రికి ఇంటికి వస్తుంది. బ్యాంకు ఉద్యోగికి డిపాజిట్ల లక్ష్యాలు. బస్సు డ్రైవరుకు ఇరుకు రోడ్లు, ప్రయాణికుల విసుర్లు. ప్రయివేటు కాలేజీ లెక్చరరుకు పాఠాలతోపాటు వేసవిలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించే బాధ్యత.

కరోనా కాలంలో, 2020లో, హైదరాబాదు, బెంగుళూరుల నుంచి ల్యాప్‌టాపులతో ఇళ్ళకు చేరిన సాఫ్ట్‌వేరు ఉద్యోగుల్లో కొందరు ఆ తర్వాత కూడా ఇక్కడినుంచే పని సాగించారు. అమెరికా పగలు వారికి రాత్రి. ఊరంతా నిద్రపోయాక మేడమీది గదిలో లైటు వెలుగుతుంది. తండ్రి పొలానికి బయలుదేరే వేళకు కొడుకు పడకెక్కుతాడు. 'ఇంట్లో కూర్చునేవాడికి కష్టమేమిటి' అని చుట్టాలు అంటారు. ఆ మాటతో చెప్పుకోవాలన్న కోరిక కూడా చచ్చిపోతుంది.

పెడన కలంకారీ అద్దకం పనివారిది, చిలకలపూడి రోల్డుగోల్డు పనివారిది మరో రకం ఇబ్బంది. చేసిన పనిని బట్టి కూలి. ఆర్డర్లు తగ్గితే ఆ వారం ఇల్లు గడవడమే కష్టం. వీరి పేరు ఏ కంపెనీ సంక్షేమ పథకంలోనూ కనబడదు.

గ్యాసని మాత్రలు

మానసిక ఒత్తిడి ఒక్కరోజులో జబ్బుగా మారదు. ముందు నిద్ర చెడుతుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. చిన్నమాటకే పిల్లలమీద విసుగు పుడుతుంది. కడుపులో మంట, ఛాతీలో పట్టేసినట్టు వుండటం మొదలవుతుంది. చాలామంది దాన్ని గ్యాసనుకుని మందుల షాపులో మాత్రలు కొని మింగుతారు. ఛాతీ నొప్పి వస్తే ముందు గుండె పరీక్ష చేయించుకోవలసిందే. అయితే పరీక్షలన్నీ సవ్యంగా వున్నా బాధ తగ్గకపోతే మనసు సంగతి కూడా ఆలోచించాలి. కొందరు సాయంత్రం మందు సీసాతో నిద్ర తెచ్చుకుంటారు. అది అలవాటై కూర్చుంటుంది. లెక్కల్లో తప్పులు దొర్లుతాయి, సెలవులు పెరుగుతాయి. పై అధికారి కంటికి అది బద్ధకంగా కనిపిస్తుంది. మెమో చేతికొస్తుంది. ఉన్న బరువుకు అదొక బరువు.

దిగులు, ఆందోళన అనే రెండు సమస్యల వల్లనే ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2015-16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో వున్నట్టు తేలింది. రకరకాల మానసిక జబ్బుల్లో నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివారే. జబ్బు వుండటం కన్నా చెప్పుకోలేకపోవడం పెద్ద సమస్య అని ఈ లెక్కలు చెబుతున్నాయి.

ఫోను చేస్తే ఏమవుతుంది?

టెలి మానస్‌ను 2022-23 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు. అదే సంవత్సరం అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ప్రారంభించారు. నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. సాంకేతిక సహాయం బెంగుళూరు ట్రిపుల్ ఐటీది. 20 భాషల్లో సేవ లభిస్తుంది. 14416 గాని, 1800-891-4416 గాని తిప్పితే ముందు భాష ఎంచుకోమంటుంది. ఆపైన శిక్షణ పొందిన కౌన్సెలరు మాట్లాడతారు. చాలా సందర్భాల్లో ఆ సంభాషణతోనే గుండె తేలికపడుతుంది. చాలదనుకుంటే నిపుణులకు అప్పగిస్తారు. నేరుగా చూడవలసిన కేసైతే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళమని దారి చూపిస్తారు. దేశంలో 2024 అక్టోబరు నాటికి 14 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. ఆ నెలలోనే దీనికి ఒక సెల్‌ఫోను యాప్ కూడా విడుదలైంది.

మామూలు బటన్ ఫోను వున్నవారికి కూడా ఈ సేవ అందడం దీనిలోని గొప్ప. ఇంటర్నెట్టు వున్నవారికి మరికొన్ని దారులు వున్నాయి. పనిచేసే చోటే చేసుకోగల అయిదు నిమిషాల యోగాసనాలతో ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో వై-బ్రేక్ అనే యాప్ తెచ్చింది. ఈ-సంజీవని ద్వారా దూరాన వున్న డాక్టరుతో తెరమీద మాట్లాడవచ్చు. పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీలు తమ ఉద్యోగులకు, వారి కుటుంబాలకు కూడా ఉచితంగా కౌన్సెలింగు ఏర్పాటు చేస్తున్నాయి. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఆ నెంబరు వుంటుంది. చాలామంది ఆ కాగితం మళ్ళీ తిరగేయరు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. డబ్బు గుంజే యాప్‌లు, వారంలో దిగులు మాయం చేస్తామనే వీడియోలు సెల్‌ఫోను నిండా వున్నాయి. మందులు రాసే అర్హత వున్న డాక్టరెవరో, తన వివరాలు ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోకుండా వాటిలో దిగరాదు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు కలిగినవారిని ఒంటరిగా వదలకూడదు. వెంటనే 14416కు గాని, 108కి గాని ఫోను చేయాలి.

గుట్టు నిలుస్తుందా?

ఫోను చేయడానికి ఉద్యోగిని ఆపేది ముఖ్యంగా ఒక్క భయం, ఆఫీసులో తెలిస్తే ఎలా అని. 2018 మేలో అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ఈ విషయంలో అండగా వుంది. చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా వుంచడం వారి హక్కు అని చట్టం చెప్పింది. శరీరపు జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని ఆదేశించింది. 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఈ సంగతి గుర్తుచేస్తూ సర్క్యులరు పంపింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావించి ఆదుకోవాలే గాని, శిక్షించరాదని కూడా ఇదే చట్టం చెబుతోంది.

చట్టం ఆఫీసు గుమ్మం దాకా వస్తుంది. ఇంటి గోడల సంగతి వేరు. రెండు గదుల ఇంట్లో అత్తగారు, పిల్లలు వినకుండా ఫోనులో మాట్లాడటం ఒక ఉద్యోగినికి సాధ్యమా? అందుకే పనిచేసే చోట తలుపు వేసుకోగల ఒక గది, పావుగంట తీరిక ఇవ్వగలిగితే అదే పెద్ద సహాయం.

దివిసీమ నేర్పిన పాఠం

మనసుకు తగిలిన దెబ్బ అంటే ఏమిటో ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు వేలాదిమంది కొట్టుకుపోయారు. శవాలను తీసినవారు, దహనాలు చేసినవారు, అయినవారందరినీ పోగొట్టుకుని మళ్ళీ పనిలోకి దిగినవారు ఎందరో. ఆనాటికి దేశంలో మానసిక ఆరోగ్యానికంటూ ఒక జాతీయ కార్యక్రమమే లేదు. అది 1982లో వచ్చింది. జిల్లాస్థాయి కార్యక్రమం రావడానికి 1996 దాకా పట్టింది. ఇప్పుడు తుఫాను హెచ్చరిక రాగానే సచివాలయ సిబ్బంది, లైన్‌మెన్లు, ఏఎన్ఎంలు రాత్రింబవళ్ళు రోడ్డుమీద వుంటారు. గాలి తగ్గాక వారికి సెలవుతోపాటు చెప్పుకునే అవకాశం కూడా కల్పించాలి.

యాప్ ఇస్తే పని తగ్గదు

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టి చెప్పాలి. ఇద్దరి పని ఒకరిపై వేసి, రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఆదేశాలు పంపి, ఆపైన 'యోగా యాప్ వాడండి' అని సర్క్యులరు ఇస్తే ప్రయోజనం లేదు. అది వరద గట్టు తెగనిచ్చి గొడుగులు పంచినట్టే. 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా పనిచేసే పద్ధతిని చక్కదిద్దాలని, పై అధికారులకు శిక్షణ ఇవ్వాలని చెప్పాయి. కింది ఉద్యోగి ముఖం వాడితే గుర్తుపట్టి, నలుగురిలో మందలించకుండా పక్కకు పిలిచి అడగడం ఆ శిక్షణలో మొదటి పాఠం కావాలి.

దినకూలీల మాట అసలు మరువరాదు. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో నాలుగోవంతుకు పైగా దినకూలీలవేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. కంపెనీ కౌన్సెలింగు వారికి లేదు. మిల్లు గోడమీద, కలంకారీ షెడ్డులో, చేపల చెరువు గట్టుమీది పాకలో కనిపించే నెంబరు ఒక్కటే వారికి ఆధారం.

చేయవలసింది చాలా తేలిక. ప్రతి సచివాలయం, బ్యాంకు, బస్సు డిపో, మిల్లు, కాలేజీ నోటీసు బోర్డుమీద పెద్ద అక్షరాలతో 14416 రాయించాలి. అంగలూరులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థలో తయారయ్యే టీచర్లకు పిల్లల మనసుతోపాటు తమ మనసు సంగతి కూడా ఒకపూట చెప్పించాలి. సంఘాల మహాసభల్లో డి.ఏ. బకాయిల తీర్మానం పక్కన పనిభారం మీద కూడా ఒక తీర్మానం వుండాలి.

అంగలూరు అంటే మూఢనమ్మకాలను నిలదీసిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన ఊరు. ఆ గడ్డమీద ఇంకా మనసు జబ్బుకు తాయెత్తు కట్టించడం, మనోవైద్యుడి దగ్గరికి వెళ్ళినవారిని పిచ్చివారనడం తగదు. జ్వరం వస్తే సెలవుచీటీలో జ్వరమని రాస్తున్నాం. మనసు బాగోలేదని కూడా అలాగే రాయగలిగిన రోజు మన ఆఫీసుల్లోకి త్వరగా రావాలని కోరుకుందాం.