గీత దాటని మంద: అతీతశక్తి గల పశుకాపరి – బద్వేలు ప్రాంత ఐతిహ్యం, పాత్రధారణ ఆటలు

వ్యాససంగ్రహం: పాత్రధారణ ఆటల్లో ‘అతీతశక్తి గల పశుకాపరి’ ఇప్పటికే ఒక స్థిరమైన రకం. ఆ రూపం అమెరికా కౌబాయ్ గాథలనుంచి వచ్చింది. బద్వేలు పరిసరాల్లో ప్రచారంలో ఉన్న పోతులూరి వీరబ్రహ్మంగారి గోపాలక ఘట్టాన్ని, కాటమరాజు కథను దానితో పోల్చి, పశుకాపరికి ఆపాదించే అద్భుతశక్తి అతని దైనందిన శ్రమలోంచే పుడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీరబ్రహ్మం, కాటమరాజు, ఐతిహ్యం, పుల్లరి, బందెలదొడ్డి, పాత్రధారణ ఆటలు.

ఉపోద్ఘాతం

బల్ల చుట్టూ కూర్చొని, తలా ఒక పాత్రను స్వీకరించి, పాచికలు వేస్తూ కథను నడిపించే ఆటలను పాత్రధారణ ఆటలు అనవచ్చు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ (1974) వీటికి ఆద్యం. 1977లో ఆ ఆటకు వచ్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ ప్రపంచ పురాణాల జీవులెన్నింటినో ఒక పట్టికలోకి తెచ్చింది. అక్కడ ప్రతి జీవికీ కొంత బలం, కొన్ని శక్తులు ఉంటాయి. వాటిని అంకెల్లో కొలుస్తారు. జానపద విజ్ఞాన విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు గానీ, ఒక పాత్రకు ఏ శక్తి ఉంది, దాని హద్దు ఏది అన్న ప్రశ్న ఐతిహ్య పరిశీలనలోనూ మొదటి ప్రశ్నే.

కౌబాయ్ అతీతరూపం

1996లో వెలువడిన ‘డెడ్‌లాండ్స్’ ఆటలో చనిపోయి తిరిగి లేచిన తుపాకీవీరులు కనిపిస్తారు. వారి దేహంలో ఒక దుష్టశక్తి కాపురముంటుంది. అంతకు చాలా ముందే, 1948లో స్టాన్ జోన్స్ రాసిన ‘గోస్ట్ రైడర్స్ ఇన్ ద స్కై’ పాటలో, శాపగ్రస్తులైన కౌబాయ్‌లు దయ్యాల మందను ఆకాశంలో అనంతంగా తరుముతారు. ఈ ఊహకు చారిత్రక నేపథ్యం ఉంది. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసిన తర్వాత టెక్సాస్ పశువులను వందల మైళ్లు నడిపించి కాన్సాస్ రైల్వేస్టేషన్లకు చేర్చిన రోజులు కొద్దికాలమే సాగాయి. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ పొందాడు. ఆ తీగ మైదానాలను ముక్కలుగా కోసింది. కంచె వచ్చిన చోట కౌబాయ్ వృత్తి కుంచించుకుపోయింది. హద్దు అతనికి శత్రువు. అందుకే అతని ప్రేతం ఏ కంచే లేని ఆకాశంలో పరుగు తీస్తుంది.

బద్వేలు వైపు పశుకాపరి

తెలుగు నేలపై పశుపాలక వీరుడనగానే గుర్తుకు వచ్చేది కాటమరాజు. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించిన ఈ కథాచక్రంలో, కరవు పాలైన యాదవ నాయకుడు తన మందలతో నెల్లూరి పాలకుడు నల్లసిద్ధి నేలకు చేరతాడు. పుల్లరి, అంటే మేతపన్ను, దగ్గర ఒప్పందం చెడుతుంది. పాలేటి ఒడ్డున జరిగిన పోరులో ఖడ్గతిక్కన కూలిపోతాడు. బొల్లావు వంటి పశువులు కూడా మనుషుల సరసన పాత్రలై నిలుస్తాయి. వీరుల అకాలమరణమే వారిని దైవాలుగా మారుస్తుందని స్టూవర్ట్ బ్లాక్‌బర్న్ చేసిన ప్రతిపాదనకు ఇటువంటి యుద్ధగాథలు అనువైనవి. పశుమందల రక్షణలో ప్రాణాలు విడిచిన వారికి నిలిపిన వీరశిలలను కూడా ఈ కోవలోనే చదవవచ్చు.

అయితే బద్వేలుకు సమీపంలోని కందిమల్లాయపల్లె, అంటే నేటి బ్రహ్మంగారి మఠం, చూపే పశుకాపరి వేరు. ఐతిహ్యం ప్రకారం వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా కుదిరాడు. ఆవులను రవ్వలకొండకు తోలుకుపోయి, వాటి చుట్టూ కర్రతో గీత గీసి, తాను గుహలో కూర్చొని తాళపత్రాలపై కాలజ్ఞానం రాసేవాడు. ఆవులు గీత దాటలేదు. క్రూరమృగాలు లోపలికి రాలేదని కూడా కొన్ని కథనాలు చెబుతాయి. కాపరి గుట్టు తెలుసుకుందామని కొండకు వెళ్లిన అచ్చమ్మ ఆ దృశ్యం చూసి శిష్యురాలైంది. ఇక్కడ మహిమ చూపిన మనిషి జీతగాడు, దాన్ని చూసింది యజమానురాలు. ఈ తలకిందుల సంబంధాన్ని భక్తిచరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి గానీ, కథ బిగువంతా అక్కడే ఉంది. ఇదే పుణ్యపురుషుడు చివరికి కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందాడని సంప్రదాయం. అకాలమరణం లేదు, పగ లేదు. బ్లాక్‌బర్న్ సూత్రం ఈ పాత్రకు వర్తించదు.

గీత ఎందుకు?

పశుకాపరికి ఎగిరే శక్తో, మందను పెంచే శక్తో ఇవ్వకుండా ఐతిహ్యం గీతనే ఎందుకిచ్చింది? జవాబు ఆ నేలలో ఉంది. బద్వేలుకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువు నిర్మాణానికి కావలసిన అంగాలను, వర్జించవలసిన దోషాలను వివరిస్తుంది. నీటికి అంత విలువున్న మెట్టప్రాంతంలో తడి అందినంత మేరే పైరు. ఆపైన బీడు, లంకమల వైపు అడవి. పొద్దున మందను తోలుకొని పోయే కాపరి ఎవరో ఒకరి చేను పక్కనుంచే నడవాలి. ఒక్క ఆవు గట్టు దిగి జొన్నలో పడితే ఆ పూటకు జీతం గల్లంతే, పైగా తగాదా. వలస ప్రభుత్వం దీన్ని 1871 నాటి పశు అతిక్రమణ చట్టంలో రాతపూర్వకం చేసింది. చేలో పడిన పశువును రైతు పట్టుకొని బందెలదొడ్డికి అప్పగించవచ్చు. యజమాని జరిమానా కట్టి విడిపించుకోవాలి. చట్టం బ్రహ్మంగారి కాలానికి చాలా తర్వాతిది. కానీ అది పట్టించుకున్న భయం కాపరికి మొదటినుంచీ ఉన్నదే.

ఈ నేపథ్యంలో గీత ఒక ఉపశమనం. వాల్మీకి రామాయణంలో లేని, తర్వాత ప్రచారంలోకి వచ్చిన లక్ష్మణరేఖ బయటివాణ్ణి ఆపుతుంది. బ్రహ్మంగారి గీత ముందుగా లోపలి మందను ఆపుతుంది. పొద్దస్తమానం ‘హేయ్’ అంటూ వెంటబడే పనినుంచి అది కాపరిని విడిపిస్తుంది. అలా మిగిలిన సమయంలోనే కాలజ్ఞానం పుట్టిందని కథ చెబుతోంది. మహిమ ఇచ్చిన వరం బలం కాదు, తీరిక. పశువుల వెంట తిరిగే వానికి చదువుకోనిదీ రాసుకోనీయనిదీ ఆ తీరిక లేకపోవడమే.

కాటమరాజు కథలోనూ తగువు హద్దు గురించే. ఎవరి నేల, ఎవరి గడ్డి, ఎంత పుల్లరి అన్నదే ప్రశ్న. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమని అడవి సత్యాగ్రహానికి దిగినప్పుడు ఆ పాత మాటే మళ్లీ వినిపించింది. అక్కడ హద్దును కత్తి తేల్చింది, ఇక్కడ కర్ర తేల్చింది.

ఆటలోకి తెస్తే

వీరబ్రహ్మం నేటికీ ఆరాధ్యుడు. ఆయన పేరుతో ఒక జీవిని సృష్టించి, దానికి అంకెలు కేటాయించి, ఓడించదగిన ప్రత్యర్థిగా పట్టికలో చేర్చడం సమంజసం కాదు. 1984లో ఎన్.టి.రామారావు ఆయన చరిత్రను తెరకెక్కించినప్పుడు నటుడు దైవపాత్రను ధరించాడు. ఆట విషయం వేరు. అక్కడ ఆ పాత్రపై పాచిక పడుతుంది, దెబ్బ తగులుతుంది. అందువల్ల తీసుకోదగినది పేరు కాదు, గీత.

పేరులేని ఒక మెట్టప్రాంతపు కాపరిని ఊహిస్తే, అతని చేతిలో తుపాకీ ఉండదు. కర్రతో గీసిన వలయంలో ఏ జీవి ఉన్నా అది తనంతట తాను బయటికి రాలేదు. వలయాన్ని మించి అతని శక్తి పనిచేయదు. అతడు మందను వదిలి పోరాడడు. వానజల్లు గీతను చెరిపివేస్తే మళ్లీ గీయాలి. పాచిక ఎదురుతిరిగిన వేళ అతడు చావడు. మంద పక్క చేలో పడుతుంది, పైరు యజమాని కేకలు వేస్తూ వస్తాడు, ఆవులు బందెలదొడ్డికి చేరతాయి. మిగిలిన ఆటగాళ్లు తమ సంచుల్లో జరిమానాకు సరిపడా నాణేలు ఉన్నాయో లేదో వెతుక్కోవాలి.