చెరువు కట్టిస్తే స్వర్గం వస్తుందా?

మార్కాపురం, గిద్దలూరు మధ్యలో కంభం. అక్కడ కొండల సందులో గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి చేసిన చెరువు వందల ఏళ్లు దాటినా ఇంకా పొలాలకి నీళ్లిస్తోంది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు కట్టించిందని చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో చెరువు ఎందుకు కట్టించేవాళ్లు? పుణ్యం కోసం. కొడుకు, కావ్యం, గుడి, తోట, నిధి, అగ్రహారంతో పాటు చెరువునీ సప్తసంతానాల్లో లెక్కేశారు. మనిషి పోయాక కూడా మిగిలేవి ఇవే అని నమ్మకం.

మరి స్వర్గం కోసం చేసిన మంచి మంచేనా, బేరమా?

జర్మన్ తత్వవేత్త కాంట్ దృష్టిలో ప్రతిఫలం ఆశించి చేసిన పనికి నైతిక విలువ లేదు. అయినా 1788లో వచ్చిన తన పుస్తకంలో ఆయన పరలోకాన్ని వదిలెయ్యలేదు. సద్గుణం, దానికి తగ్గ సుఖం రెండూ కలిస్తేనే పరమ శ్రేయస్సు అన్నాడు. గుణం పరిపూర్ణం కావడానికి ఒక్క జీవితం చాలదు కాబట్టి ఆత్మకి చావు లేదనుకోవాలి. తగ్గ సుఖం దక్కాలంటే దేవుడున్నాడనుకోవాలి. అంటే పరలోకం మంచి చెయ్యడానికి కారణం కాదు, చేసేవాడికి ఒక ఆశ మాత్రమే.

గిద్దలూరుకి దక్షిణాన పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. అందులో పుణ్యం మాటతో పాటు మంచి చెరువుకి కావాల్సిన 12 అంగాలు, తప్పించాల్సిన 6 దోషాలు కూడా ఉన్నాయి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట లాంటివి ఆ దోషాలు. ఇంజనీరింగ్ చదివే మనకి ఇది బాగా అర్థమవుతుంది. ఉద్దేశం ఎంత గొప్పదైనా కట్ట కారితే ఊరికి నీళ్లుండవు.

2013లో శామ్యూల్ షెఫ్లర్ అనే అమెరికన్ తత్వవేత్త 'మరణానంతరం' అన్న మాటకి ఇంకో అర్థం చెప్పాడు: మనం పోయాక కూడా మనుషులు బతికుండటం. రేపు ఎవరూ ఉండరని తెలిస్తే ఈ రోజు చేసే చాలా పనులకి అర్థమే పోతుందంటాడు.

ఈ మాటని చెరువు దగ్గర పెట్టి చూడండి. కట్టించినవాళ్ల లెక్కలోంచి స్వర్గాన్ని తీసేసినా, చెరువు మంచిదే. తర్వాత తాగేవాళ్లని, పండించేవాళ్లని తీసేస్తే మాత్రం పుణ్యమన్న మాటకే ఆధారం పోతుంది. స్వర్గం ఉందో లేదో ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఆ చెరువులో పూడిక తీయాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడు బతికున్న మన చేతుల్లో ఉంది.