పోయిన పక్షుల ఊరు

1946లో కొల్లేరు దగ్గర దాదాపు మూడు వేల పెలికాన్లు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ఆ సంగతి లోకానికి తెలిసింది ఒకే ఒక వ్యాసం వల్ల.

ఈ వారం ముఖచిత్ర కథనానికి సంపాదకులు ఇచ్చిన అంశం వేరు. మనిషి పెద్దగా చూడని ఒక కల్పిత గ్రహం, అక్కడి ఒక మారుమూల ప్రాంతం, అందులో తిరిగే వింత జీవులు. సెలవుల సంచిక కదా, పిల్లలు కూడా చదువుతారు, బొమ్మలు బాగా పడతాయి అన్నారు. కాపీ గురువారం సాయంత్రానికి కావాలి.

గ్రహాంతర కథల్లో నాకెప్పుడూ ఇష్టమైన ఘట్టం ఒకటుంది. కొత్త నేల మీద దిగినవాడు అక్కడి ప్రాణుల్ని చూసి, లెక్కపెట్టి, రాసి పంపుతాడు. ఆ రాత ఇంటికి చేరితేనే ఆ లోకం ఉన్నట్టు మిగతావాళ్లకు తెలుస్తుంది. అది దారిలో పోతే లోకమూ పోయినట్టే. ఈ ఘట్టం గురించి ఆలోచిస్తుంటే మన కొల్లేటి మీద వచ్చిన పాత వ్యాసం ఒకటి గుర్తుకొచ్చింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ల జర్నల్, 48వ సంపుటం, 1949. ఇంగ్లీషులో ఉన్న ఆ శీర్షికను తెలుగులో చెప్పుకుంటే ‘ఒక దక్షిణ భారత పెలికాన్ల కాలనీ’. ఫోన్ చేసి, “సార్, గ్రహం దాకా ఎందుకు, కొల్లేరు రాస్తాను” అన్నాను. “రాయండి, గడువు మాత్రం మారదు” అన్నారు.

ఆ వ్యాసం రాసింది కె.కె. నీలకంఠన్. కేరళలో పాలక్కాడు ప్రాంతం మనిషి, 1923లో పుట్టాడు. తర్వాతి రోజుల్లో ఇంగ్లీషు మేష్టారుగా పేరు తెచ్చుకున్నాడు. ‘ఇందుచూడన్’ అనే కలంపేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద రాసిన పుస్తకం 1958లో వచ్చింది. ఆ పుస్తకం పట్టుకుని పక్షులు చూడటం నేర్చుకున్న మలయాళీలు ఎందరో. కొల్లేరు దగ్గర పెలికాన్ల కాలనీని చూసేనాటికి ఆయనకు నిండా పాతికేళ్లు లేవు.

అప్పుడు ఆయన కంటపడినదాని విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బర్మాలో సిట్టాంగ్ నది ఒడ్డు అడవుల్లో 1877లో ఓట్స్ అనే ఆయన బ్రహ్మాండమైన పెలికాన్ల కాలనీని చూశాడు. నూటయాభై అడుగుల చెట్ల మీద, కనుచూపు మేర గూళ్లే. 1940లు వచ్చేసరికి అదంతా మాయమైంది. మన దేశంలో చూస్తే అక్కడొక మాట, ఇక్కడొక మాట. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అప్పట్లో కర్ణాటిక్ అని పిలిచిన సీమలో ఒక ఊరు చూశాడు. ఊరి నడిమధ్య చెట్ల మీదే ఈ పక్షులు తరతరాలుగా గూళ్లు పెడుతున్నాయనీ, కింద మనుషులు తిరుగుతున్నా పట్టించుకోవడం లేదనీ రాశాడు. 1906లో తిరునల్వేలి వైపు కూంతన్‌కుళంలో రెనియస్ అనే ఆయన ఇంకో కాలనీ చూశాడు. ఇలా వేళ్ల మీద లెక్కపెట్టే ఆధారాలు తప్ప ఈ పక్షి పిల్లల్ని ఎక్కడ పెంచుకుంటుందో చెప్పేవాళ్లు అరుదు. అలాంటి సమయంలో దాదాపు మూడు వేల పక్షులున్న కాలనీ ఒకేచోట దొరికింది. అదీ ఎక్కడో అడవిలో కాదు. మద్రాసు–కలకత్తా రైలు మార్గానికి దగ్గర్లో, యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెంలో విమానాల కోసం రన్‌వే వేసిన నేలకు కాస్త దిగువన.

మూడు వేలు అన్న అంకెను ఒకసారి దగ్గరగా చూద్దాం. మనవాళ్లు గూడబాతు అని పిలిచే ఈ బూడిదరంగు పెలికాన్ నాలుగు నుంచి ఆరు కిలోలు తూగుతుంది. ముక్కు కొస నుంచి తోక కొస దాకా నాలుగడుగులు దాటి ఐదడుగుల వరకూ ఉంటుంది. ఒక్కోటి రోజుకు అరకిలో చేప తింటుందని వేసుకున్నా మూడు వేల పక్షులకు టన్నున్నర చేప కావాలి. పిల్లల తిండి దీనికి అదనం. అక్టోబరు నుంచి మే దాకా సాగే గూళ్ల కాలమంతా, రోజూ! అప్పట్లో కొల్లేటిలో ఎవరూ చేపపిల్లల్ని కొనితెచ్చి వదిలింది లేదు, దాణా చల్లింది లేదు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల, వాలుగ, అన్నీ సరస్సు తనంతట తాను పెంచినవే. చేపలు పట్టే వడ్డీ కులస్థులు తాటిదోనెల మీద వెళ్లి మావులు పెట్టి పట్టుకునే చేప పోగా ఇన్ని వేల నోళ్లకు సరిపోయేంత మిగిలేది. కొల్లేరు ఒకప్పుడు ఎంత పచ్చగా బతికిందో చెప్పడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం కనిపించలేదు.

నీలకంఠన్ ఆ కాలనీని ‘కనిపెట్టాడు’ అని పక్షిశాస్త్రం రాసుకుంది. శాస్త్రం వరకు నిజమే, దాన్ని తగ్గించి చెప్పను. కానీ ఆ చెట్ల కింద కాపురాలు చేసినవాళ్లకు అది కొత్త లోకం కాదు. గూడబాతు పిల్లలు గోల పెడతాయి. రెట్టలతో నేలంతా తెల్లబడుతుంది. పెద్దపక్షి నోట్లోంచి జారిన చేప వాకిట్లో పడుతుంది. నీచు వాసన పొద్దుటికీ రాత్రికీ ఊరంతా ఆవరించి ఉంటుంది. ఏడాదిలో సగానికి పైగా రోజులు ఇది కళ్లముందు జరుగుతున్నప్పుడు అది వార్త అని ఎవరికి తోస్తుంది? ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు, ఏ నెలలో మొదటి పుల్ల పడుతుంది, ఏ ఏడు గాలివానకు ఎన్ని పిల్లలు రాలిపోయాయి అన్నవి అక్కడి ఆడవాళ్లకు, పశువుల కాపర్లకు తెలిసే ఉంటాయి. నాకు తెలిసినంతవరకు వాటిని ఒక్కరమూ తెలుగులో కాగితం మీద పెట్టలేదు. నాకు బాధగా ఉన్నది ఇదే.

ఎందుకంటే అదే జర్నల్‌లో, 75వ సంపుటంలో, 1978లో ఇంకో వ్యాసం వచ్చింది. రాసింది గుత్తికర్. శీర్షిక ‘పోయిన పెలికాన్ల కాలనీ’. 1975 ప్రాంతానికల్లా కొల్లేటి కాలనీ ఖాళీ అయిపోయింది. ఉన్నదని చెప్పిన వ్యాసానికీ లేదని చెప్పిన వ్యాసానికీ మధ్య ముప్పై ఏళ్లు కూడా లేవు. మన నేల మీద పుట్టి మన నేల మీద ఆగిపోయిన ఒక పెద్ద సంగతికి పుట్టుక కబురూ చావు కబురూ రెండూ ఇంగ్లీషులోనే నమోదయ్యాయి.

కాలనీ పోయిన నేరాన్ని చేపల చెరువుల మీదికి నెట్టడం ఇప్పుడు మనకు అలవాటు. నేను ఒప్పుకోను. ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి కొల్లేటిలో చెరువులు తవ్వించడం మొదలైంది 1976లో. చెరువులు ఊళ్లకు ఊళ్లను చుట్టేసింది ఆ తర్వాతి పదిహేనేళ్లలో. కాలనీ అప్పటికే లేదు. గూడబాతుకు గూడు చెట్టు మీద, తిండి నీళ్లలో. పైగా ఆ చెట్టు ఎవరో ఒకరి దొడ్లోదో, గట్టు మీదిదో అయి ఉంటుంది. ఏళ్ల తరబడి రెట్టలు పడితే చెట్టు ఎండుతుంది, యజమాని కొట్టేస్తాడు, అమ్ముకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. ఊరు ఊరంతా పక్షి మీద అభిమానం పెట్టుకుని పాత చెట్టు పోయినచోట కొత్తది నాటుకుంటేనే ఇలాంటి కాలనీ నిలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో నిలిచింది అలాగే. తేలినీలాపురంలో పక్షులు రావడం ఊరికి శుభమని నమ్ముతారు.

ఇనప కొమ్మల మీద

ఇవాళ కొల్లేటి గూడబాతుల్ని చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాకకు ఎండ ముదరకముందే చేరుకోవాలి. అటవీశాఖ వాళ్ల చెరువు మధ్యలో ఇనప స్టాండ్లు నిలబెట్టి ఉంటాయి. గొట్టం మీద గొట్టం అతికించి, అంతస్తులుగా పళ్లేల్లాంటి తట్టలు బిగించారు. ప్రతి తట్టలో పుల్లల గూడు, దాని మీద గూడబాతు. కొన్ని స్టాండ్ల మీద ఎర్రకాళ్ల కొంగలు కూడా వాటా తీసుకున్నాయి. పడవ నెమ్మదిగా పోతుంటే ఒక స్టాండు దగ్గర ఆగి చూశాం. ఒక పక్షి పుల్ల తెచ్చి ఇచ్చింది. గూట్లో కూర్చున్నది దాన్ని ముక్కుతో అటు తిప్పి ఇటు తిప్పి, నచ్చక కిందపెట్టి, మళ్లీ తీసి అంచున దోపింది. అది అటు తిరగ్గానే పక్క తట్టలోది మెడ చాపి అదే పుల్లను లాగేసుకుంది. పెద్ద గొడవేం జరగలేదు. మొదటిది ఇంకో పుల్లకు ఎగిరిపోయింది.

కింది అంతస్తులో గోధుమరంగు ఈకలు వస్తున్న పిల్ల ఒకటి రెక్కలు కొట్టుకుంటూ తల్లి ముక్కును పొడుస్తోంది. తల్లి నోరు తెరిచింది. పిల్ల తల, మెడ, భుజాల దాకా ఆ సంచిలోకి దూరిపోయింది. “మింగేస్తోంది అనుకుంటారండి కొత్తగా చూసినోళ్లు” అన్నాడు పడవ నడిపే అబ్బాయి. సంచి చర్మం లోపల పిల్ల ముక్కు కదలడం బయటికి స్పష్టంగా కనిపించింది. కాసేపటికి తల బయటికి తీసి, తడిసిన మొహంతో అలాగే కూలబడింది. తల్లి పైముక్కు అంచున వరసగా నల్లటి చుక్కలు. ఇంగ్లీషువాళ్లు ఈ పక్షికి పేరు పెట్టుకున్నది ఆ చుక్కల్ని చూసే.

ఇక్కడ గూడబాతులు మళ్లీ వందలూ వేలుగా పిల్లల్ని చేస్తున్నాయంటే అటవీశాఖను మెచ్చుకోవాల్సిందే. ఆటపాక కాలనీ ‘ప్రపంచంలోనే పెద్దది’ అన్న మాట మాత్రం నాకు ఎక్కదు. ఫిలిప్పీన్స్‌లో ఈ పక్షి పూర్తిగా కనుమరుగైంది. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సు, శ్రీలంక, అస్సాం, దక్షిణ భారతం, ఇవే దానికి మిగిలిన ముఖ్యమైన ఇళ్లు. అలాంటి పక్షి విషయంలో ఎవరిది పెద్దది అన్న పోటీకన్నా ఏటా ఒకే పద్ధతిలో తీసిన గూళ్ల లెక్క ఎక్కువ పనికొస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పక్షులకు చెట్లు ఇనపవి. తిండిలో చాలాభాగం చుట్టుపక్కల రైతు డబ్బుపెట్టి పెంచిన చేప. అందుకే చెరువుల మీద అడ్డంగా తాళ్లు కడతారు, టపాకాయలు పేలుస్తారు. పంట పోతుంటే ఏ రైతైనా అదే చేస్తాడు. సరస్సులో సొంతంగా పెరిగే చేప మళ్లీ పెరిగితే తప్ప ఈ తగవు తీరదు. ఆ సరస్సులో ఇవాళ కాలు మోపనివ్వనిది గుర్రపుడెక్క.

కొల్లేటి చరిత్ర చాలానే ఉంది, ఉన్న జాగాలో ఇంతే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో నిలిచిన మంచినీళ్లు ఇవి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకుపోతుంది. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదనీ, దాన్ని పట్టుకోవడానికి శత్రువులు నీళ్లు బయటికి తోడేలా ఉప్పుటేరు తవ్వారనీ చెప్పుకుంటారు. అక్కడి పెద్దింట్లమ్మకు ఫాల్గుణంలో జాతర. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక చుట్టూ వరి వచ్చింది, వరి వెంట మురుగు కాలువలు వచ్చాయి. తర్వాత చెరువులు. 1999లో అభయారణ్యం, 2002లో చిత్తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు, 2006లో సుప్రీంకోర్టు కమిటీ చెప్పిందని చెరువుల గట్లు తెగ్గొట్టడం, ఆపైన అభయారణ్యం హద్దు తగ్గించాలన్న పోరు. 2022లో జిల్లాలు మారి కైకలూరు కృష్ణా నుంచి ఏలూరులోకి వచ్చింది.

కాంటూరు గొడవ ఏమిటి?

కొల్లేటికి గట్టు లేదు. నీళ్లు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కాబట్టి సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు వరకూ సరస్సే అని గీత గీస్తారు, అదే కాంటూరు. పదో అడుగు గీత దాకా తీసుకుంటే 901 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం ఐదో అడుగు గీత వరకే, 308 చదరపు కిలోమీటర్లు. దీన్ని మూడో అడుగుకు దించాలని శాసనసభ తీర్మానాలు చేసింది. పి.ఎ. అజీజ్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ వద్దంది. నేలంతా ఇంత చదునుగా ఉన్నచోట రెండడుగుల తేడా అంటే ఊళ్లకు ఊళ్లు.

వెళ్లాలనుకుంటే

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పెదయడ్లగాడి వంతెన మీదుగా సరస్సును దాటుకుంటూనే పోతుంది. తాడేపల్లిగూడెం వాళ్లకు భీమవరం, ఆకివీడు మీదుగా దారి. గుడివాడ–భీమవరం రైలు మార్గంలో కైకలూరు స్టేషన్ ఉంది, ఆటపాక అక్కడికి దగ్గరే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే గూళ్లూ చూడొచ్చు, ఉత్తరాది నుంచి దిగిన పరజల్నీ చూడొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి. గూళ్లున్న స్టాండ్లకు మరీ దగ్గరగా పడవ పోనివ్వమని అడగకండి. పెద్దపక్షి బెదిరి లేస్తే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

పాఠకులకు ఒక విన్నపం

1975లో పదేళ్ల పిల్లలు ఇవాళ అరవై దాటినవాళ్లు. కొల్లేటి చుట్టుపక్కల పల్లెల్లో, లంకల్లో, ఉండి, ఆకివీడు, కైకలూరు, మండవల్లి, తాడేపల్లిగూడెం వైపు ఊళ్లలో ఆ పాత కాలనీని కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మీ అమ్మమ్మనో, తాతయ్యనో అడగండి. గూళ్లు ఏ చెట్ల మీద ఉండేవి, తాడా, చింతా, మర్రా? ఎవరి దొడ్డి? పక్షులు ఏ నెలలో వచ్చేవి? రాలిపడిన పిల్లల్ని ఏం చేసేవారు? రెట్టను చేలకు తోలేవారా? చివరిసారి ఏ ఏడు కనిపించాయి? చెప్పినవాళ్ల మాటల్లోనే, ఊరి పేరు వేసి, మా కార్యాలయానికి రాసి పంపండి. ఉత్తరాలన్నీ ఊళ్లవారీగా కలిపి తెలుగులో అచ్చు వేస్తామని సంపాదకులు మాట ఇచ్చారు.